నవ్వు విరియు: ఒక డేలిలీ పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ తేటగీతి ఏ ప్రబంధంలోదీ కాదు, పెరటి పద్యం. కర్త పేరు లేదు, కృతిపతి లేడు, ఆశ్వాసాంత గద్య అసలే లేదు. అయినా ఇరవై మాటల్లోపే ఒక శాస్త్రమంతా కుక్కింది. ఆ కుక్కడంలో కొంత నలిగింది కూడా. అందుకే వ్యాఖ్య అవసరమైంది.

విషయం, ఇంటి తోటలో డేలిలీలను సంకరం చేయడం. పేరులో లిలీ ఉంది కదా అని లిలీ అనుకోకండి. అసలు లిలీకి పొరలుపొరలుగా గడ్డ ఉంటుంది. దీనికి గడ్డ లేదు. దుంపల్లా ఉబ్బిన వేళ్లు, విసనకర్రలా విచ్చుకున్న ఆకుల పిలకలు. ఆ పిలకనే తోటవాళ్లు ఫ్యాను అంటారు. లిన్నేయస్ 1753లోనే దీన్ని లిలీల నుంచి విడదీసి హెమెరోకాలిస్ అని వేరే ఇల్లు కట్టి ఇచ్చాడు. పుట్టిల్లు చైనా, కొరియా, జపాన్. మెట్టినిల్లు అమెరికా. అక్కడ ఈ పువ్వు కోసం 1946లో ఒక సొసైటీ పెట్టుకున్నారు. దాని రిజిస్టరుకెక్కిన రకాల పేర్లు ఇప్పటికి లక్ష దాటాయి. పువ్వు ఆయుష్షేమో ఒక్క పగలు. తెల్లవారి విచ్చుకుంటుంది, రాత్రికి ముడుచుకుపోతుంది, మర్నాడు అదే కాడ మీద పక్క మొగ్గ వంతు. లక్ష పేర్లు పెట్టింది ఇలాంటిదానికి.

కవి దేశకాలాలకు పద్యంలోనే ఆధారాలున్నాయి. విత్తు నాటి "మూఁడేండ్లు" ఆగమన్నాడు. ఫ్లోరిడా వంటి వెచ్చటి చోట ఏడాదికో ఏడాదిన్నరకో పూస్తుంది కాబట్టి ఈయన శీతాకాలంలో నేల గడ్డకట్టే ప్రాంతంవాడు. ఒహాయో అని కొందరు, న్యూజెర్సీ అని కొందరు. రాసింది తేటగీతి కనుక న్యూజెర్సీ పక్షానికే బలం ఎక్కువ. ఇక కాలం: "పెద్దపూవుల" అని, అవేవో అంగట్లో కుప్పపోసిన సరుకైనట్టు ధీమాగా బహువచనం వాడాడు. అంటే 1960ల తర్వాతివాడు. ఎందుకో ఆ పదం దగ్గర చెబుతాను.

మూలం

తే. ప్రొద్దు పొడువక మునుపె తాఁ బుప్పొడిఁ గొని
పెద్దపూవుల కొనలపైఁ బెట్టి చీటి
కట్టి కాయకుఁ గాపుండి గట్టివిత్తు
నాటి మూఁడేండ్లు వేచిన నవ్వు విరియు.

ప్రతిపదార్థం

ప్రొద్దు పొడువక మునుపె = సూర్యుడు ఉదయించక ముందే; తాన్ = తానే స్వయంగా; పుప్పొడిన్ + కొని = తండ్రి పువ్వు కేసరాల నుంచి పుప్పొడిని తీసుకుని; పెద్ద పూవుల = వెడల్పైన పువ్వులయొక్క; కొనలపైన్ = కీలాగ్రాల మీద; పెట్టి = అద్ది; చీటి కట్టి = తల్లి పేరు, తండ్రి పేరు రాసిన చీటీని ఆ పువ్వు మెడకు తగిలించి; కాయకున్ = పిందె ముదిరి కాయ అయ్యేదాకా; కాపుండి = కావలి కాసి; గట్టి విత్తు = తాలు కాని గింజను; నాటి = విత్తి; మూఁడేండ్లు వేచినన్ = మూడు సంవత్సరాలు ఓపిక పట్టితే; నవ్వు విరియు = నవ్వు వికసిస్తుంది.

తాత్పర్యం

పొద్దున్నే లేచి పెద్ద పువ్వుకూ పెద్ద పువ్వుకూ పెళ్లి చేసి, పుట్టిన గింజలు నాటి ఓపిక పడితే సంతోషం కలుగుతుంది అని భావం. ఇది పైకి కనిపించే భావం. దీన్ని నమ్ముకుని తోట వేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

విశేషాలు

"ప్రొద్దు పొడువక మునుపె": ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. సూర్యోదయానికి ముందు డేలిలీ పుప్పొడి సంచులు చీలవు. మంచు తడి ఆరి కాస్త వెచ్చన తగిలాకే అవి పగిలి పొడి పైకి తేలుతుంది. మరి కవి పొద్దు పొడవక ముందు చీకట్లో ఏం తీసుకున్నట్టు? తోట చూడకుండా రాశాడని ఒక విమర్శకుడు అననే అనవచ్చు. కానీ అనుభవజ్ఞులు చేసేది ఇదే. సంచులు పగలకముందే కేసరాలను గిల్లి, చిన్న డబ్బీలో వేసి, ఇంట్లో బల్ల మీద ఆరబెడతారు. వాటంతట అవే పగులుతాయి. తేనెటీగలు ముందుగా ముట్టి కలుషితం చేసే బెడదా ఉండదు. ఆరిన పొడిని ఫ్రీజరులో దాచుకుంటే నెలల తర్వాత కూడా పనికొస్తుంది. జూన్‌లో పూసి అయిపోయిన తండ్రికీ, ఆగస్టులో గానీ పూయని తల్లికీ పెళ్లి కుదిరేది ఈ ఫ్రీజరు వల్లనే. కనుక కవికి దోషం అంటదు. "గొని" అన్నాడే తప్ప అక్కడికక్కడే అద్దమని అనలేదు. అద్దడం తర్వాతి పాదంలో ఉంది. నడుమ పాదాంత విరామం ఉంది. ఆ విరామంలో కాఫీ తాగవచ్చు.

అయితే మరీ ఆలస్యమూ పనికిరాదు. ఎండ 32 డిగ్రీలు దాటితే అద్దిన పువ్వు రెండు మూడు రోజుల్లో పిందెతో సహా రాలిపోతుంది. జూలై మధ్యాహ్నం తోటలో తిరిగేవాడు సంకరం చేసేవాడు కాడు, ఫోటోలు తీసుకునేవాడు.

"తాఁ": వృథాపదం కాదు, తేనెటీగను నిషేధించడానికి వచ్చింది. డేలిలీలో కేసరాలు ఆరు. కీలం వాటన్నిటినీ దాటి ముందుకు సాగి, చివర కాస్త పైకి వంగి ఉంటుంది. తేనెటీగ కేసరాల మీద వాలి, తన పని చూసుకుని, కీలం వైపైనా చూడకుండా పోతుంది. అందుకే తోటలో కాయ కట్టాలంటే చాలావరకు మనిషే వెళ్లాలి. పని చిన్నది. ఒక కేసరాన్ని కాడ దగ్గర పట్టుకుని లాగితే ఊడి వస్తుంది, దాని చివర అడ్డంగా వేలాడే సంచి మీద పసుపో నారింజో పొడి. తల్లి పువ్వు కీలం చివర గుండుసూది తలంత ఉంటుంది, కొంచెం జిగటగా. దానికి తాకిస్తే పెళ్లికూతురికి బొట్టు పెట్టినట్టు చిన్న చుక్క పడుతుంది. అంతే పెళ్లి. కేసరం పారేసి తర్వాతి పువ్వు దగ్గరికి.

"పెద్దపూవుల": పద్యానికి ఆయువుపట్టు ఇదే, ఇబ్బంది కూడా ఇదే. పెద్ద అంటే ఎంత? సొసైటీ లెక్కలో మూడంగుళాల లోపు సూక్ష్మపుష్పం, మూడు నుంచి నాలుగున్నర లోపు చిన్నపువ్వు, నాలుగున్నరా ఆపైన పెద్దపువ్వు. ఏడూ ఆపైన అయితే అతిపెద్ద అని మళ్లీ వేరే పట్టిక. నాలుగున్నర అంగుళాలంటే అరచేయంత ఉంటుంది కనుక "పెద్ద" అన్న మాటకు నేటి తోటల్లో పెద్ద విలువ లేదు. రిజిస్టరులో ఉన్నవాటిలో చాలావరకు పెద్దవే.

ఇవి ఇంత పెరగడం వెనక ఒక విషం కథ ఉంది. మామూలు డేలిలీకి క్రోమోజోములు 22, అది డిప్లాయిడ్. కాల్చిసిన్ అనే మందును లేత మొక్కకు పట్టిస్తే కణం చీలే వేళ తడబడి 44 మిగుల్చుకుంటుంది. అదే టెట్రాప్లాయిడ్. రేకు దళసరి, రంగు చిక్కన, కాడ లావు, పువ్వు వెడల్పు. ఆర్విల్ ఫే, రాబర్ట్ గ్రీస్‌బాక్ కలిసి షికాగో దగ్గర పెంచిన క్రెస్ట్‌వుడ్ టెట్రాప్లాయిడ్లు 1961 ప్రాంతంలో బయటికి వచ్చాక అందరి చూపూ అటు తిరిగింది. కవి బహువచనపు ధీమా ఆ తర్వాతిదే అనడానికి కారణం ఇది. ఆ కాల్చిసిన్ మన పొలాల గట్ల మీద, అడవి అంచుల్లో ఎర్రపసుపు మంటల్లా పూసే అడవినాభిలోనూ ఉంటుంది. అగ్నిశిఖ అన్నా అదే. దాని దుంప తింటే మనిషి పోతాడు. డేలిలీకి మాత్రం అదే మందు ఒళ్లు చేయించింది. ఇంటి తోటలో దాని జోలికి ఎవరూ పోనక్కరలేదు, ముందుతరం వాళ్లు రెట్టించి ఇచ్చినవి దండిగా ఉన్నాయి.

ఇక పూర్వపక్షం: పెద్ద పువ్వును పెద్ద పువ్వుతో కలిపితే పెద్ద పువ్వే వస్తుంది కదా, కవి చెప్పింది సబబే కదా? వస్తుంది. చాలాసార్లు వస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. వెడల్పు అడగ్గానే వచ్చే గుణం. దానితో పాటు ఏం వస్తుందో చూడాలి. ఎనిమిదంగుళాల పువ్వు ఒక పల్చటి కాడ మీద పూస్తే మొదటి వానకే నేలను ముద్దాడుతుంది. కాడకు కొమ్మలు లేక మొగ్గలన్నీ కొసనే గుత్తి కడితే ఇవాళ్టి పువ్వు విచ్చుకోవడానికి నిన్నటి వాడిన పువ్వు చోటివ్వదు, రెండూ కలిసి సగం సగం తెరుచుకుంటాయి. అంచుల నిండా కుచ్చిళ్లు పెట్టుకున్న దళసరి టెట్రాప్లాయిడ్ చల్లటి రాత్రి తర్వాత పదకొండింటిదాకా నోరు తెరవదు. అంతలో ఇంటాయన ఆఫీసుకు వెళ్లిపోతాడు, సాయంత్రం వచ్చేసరికి అది ముడుచుకునే ప్రయత్నంలో ఉంటుంది. కాడకు పది మొగ్గలే ఉంటే పది రోజులకు మించి పండగ లేదు. పాతిక, ముప్పై మొగ్గలు ఉంటే నెల.

పెద్దదై మెప్పు పొందినవి లేవా అంటే ఉన్నాయి. కర్ట్ హాన్సన్ 1994లో రిజిస్టరు చేయించిన ప్రైమల్ స్క్రీమ్ ఏడున్నర అంగుళాల నారింజ పువ్వు, రేకులు మెలితిరిగి వెనక్కి వాలి ఉంటాయి. 2003లో ఈ లోకపు అత్యున్నత బహుమతి స్టౌట్ పతకం దానికి దక్కింది. కానీ అదే పతకాన్ని 1985లో కొట్టేసింది స్టెల్లా డి ఓరో. వాల్టర్ జబ్లాన్‌స్కీ 1975 నాటి సృష్టి. పువ్వు మూడంగుళాలు కూడా లేదు. ఎండాకాలమంతా మళ్లీ మళ్లీ పూస్తుంది కనుక ఇవాళ అమెరికాలో పెట్రోలు బంకుల ముందు, బ్యాంకుల ముందు, మాల్‌ పార్కింగు గట్ల మీద అదే. ఇంతమంది కంటపడే ఆ డేలిలీ సూక్ష్మపుష్పాల పట్టికలోది. కాబట్టి మూలంలోని "పెద్ద" శబ్దానికి కొలతపరంగా అర్థం చెప్పడం శాస్త్రవిరుద్ధం. పెద్ద అనగా పెద్దమనిషి అన్నప్పటి పెద్ద: నిటారుగా నిలబడేది, పదిమందికి చోటిచ్చేది, మాట ప్రకారం వేళకు తెరుచుకునేది. కవికి ఈ అర్థం తెలుసునా అని అడగకండి. వ్యాఖ్యాతకు తెలిసింది చాలు.

"కొనలపై": రేకుల కొనల మీద పొడి చల్లి కాయ కోసం ఎదురుచూసినవారున్నారు గనుక ప్రతిపదార్థంలో కీలాగ్రం అని విప్పి చెప్పాను.

"చీటి కట్టి": ఈ రెండు మాటలు చిన్నవిగా కనిపిస్తాయి. చీటీ లేని కాయ గోత్రం లేని సంబంధం. ముందు తల్లి పేరు, తర్వాత అడ్డంగా ఇంటూ గుర్తు, ఆ తర్వాత తండ్రి పేరు. ఈ వరుస ప్రపంచమంతటా ఒకటే. పెళ్లి శుభలేఖల వరుసతో అలవాటుపడ్డ మనవాళ్లు మగపెళ్లివారిని ముందు రాస్తే వంశవృక్షం తలకిందులవుతుంది. పెన్సిలుతో రాయాలి. చెరగనివని చెప్పి అమ్మే మార్కర్లు రెండు నెలల ఎండకు తెల్లబోతాయి. పెన్సిలు గీత అలాగే ఉంటుంది.

"కాయకుఁ గాపుండి": కావలి ఎవరి నుంచి? మొదటి శత్రువు అంకెలు. 22 ఉన్న తల్లిని 44 ఉన్న తండ్రికిస్తే సంసారం సాగదు. మొదటి ఏడాది తోటవాళ్ల కాయలు రాలేది ఎక్కువగా ఇందుకే. కొనేముందే అది డిప్లాయిడో టెట్రాప్లాయిడో చూసుకోవాలి. రేకు చూసి చెప్పడం అందరి వల్లా కాదు. ఇక 33 ఉన్నవి ఉన్నాయి. అమెరికాలో రోడ్ల పక్క కాలువ గట్ల వెంట జూన్ చివర మైళ్ల కొద్దీ పూసే నారింజ డేలిలీ యూరోపా అలాంటిది. అది ఎప్పుడో ఒక్క మొక్క, అదే వేళ్లతో పాకి ఖండమంతా నిండింది. దాని కాయకు కాపుండే కవి ప్రళయందాకా కాపుండాలి. ఎందుకు కాయదో తేల్చడానికి కూర్చున్నవాడే ఆర్లో స్టౌట్. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ ఉద్యోగి. చైనాలో నాన్‌కింగ్ విశ్వవిద్యాలయం నుంచి ఆల్బర్ట్ స్టీవర్డ్ పంపిన అడవి మొక్కలను పోగేసి, తరాల తరబడి కలిపి, 1934లో డేలిలీల మీద పుస్తకం అచ్చు వేశాడు. అప్పటిదాకా పసుపు, నారింజ తప్ప ఎరుగని ఇంట్లో ఎరుపు దిగింది ఆయన చేతి మీదే. పతకానికి ఆయన పేరు పెట్టడం న్యాయమే.

రెండో శత్రువు జింక. మన కావ్యాల్లో జింక కన్నులు, ఆశ్రమంలో జింక పిల్లలు. న్యూజెర్సీ పెరట్లో జింక అంటే రేపు విచ్చుకోవలసిన మొగ్గలన్నీ ఈ రాత్రి కొరికేసి కాడలు మొండిగా నిలబెట్టి పోయేది. తెలుగు కవి ఆ దేశంలో నాలుగేళ్లు తోట పెంచితే హరిణాక్షి అన్న సంబోధన మానేస్తాడు.

కాయ పండడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మూడు గదుల కాయ, పచ్చగా ఉండి చివరికి గోధుమ రంగు తిరిగి తల దగ్గర బీట వేస్తుంది. ఆ బీట వేసిన రోజే కోయాలి. మర్నాటికి నోరు పూర్తిగా తెరిచి గింజలను నేలపాలు చేస్తుంది, చీటీ ఒక్కటే వేలాడుతుంది.

"గట్టివిత్తు": నల్లగా, నిగనిగలాడుతూ, మిరియం కంటే కాస్త పెద్దగా ఉంటుంది. గోటితో నొక్కితే దిగకూడదు. దిగినది తాలు. ఇక్కడ కవి ఒక మెట్టు దాటేశాడు. చలిదేశపు రకాల గింజలు కాయ నుంచి నేరుగా మట్టిలోకి పోతే అందరికీ ఒకేసారి మెలకువ రాదు. తడి చేసిన పేపరు టవల్లో చుట్టి, జిప్ సంచిలో పెట్టి, ఒక నెల ఫ్రిజ్‌లో ఉంచితే వాటికి శీతాకాలం గడిచిపోయిన భ్రాంతి కలుగుతుంది. ఈ సంచులు గోంగూర పచ్చడి పక్కన, ఇడ్లీ పిండి వెనకాల ఉంటాయి. వాటిని మిరియాల పొట్లం అనుకుని పోపులో వేసిన ఇళ్ల సంగతి ఈ వ్యాఖ్య పరిధిలోకి రాదు.

"నాటి మూఁడేండ్లు వేచిన": మూలం మొత్తంలో అసలైన లోపం ఇక్కడుంది. వేచిన తర్వాత నేరుగా నవ్వు విరుస్తుంది అన్నాడు. నడుమ ఒక క్రియ లేదు. "పీఁకి పాఱవైచి" అని అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారం అంటే, శ్లోకంలో లేని మాటను అన్వయం కోసం తెచ్చి పెట్టుకోవడం. ఇది లేకపోతే పద్యం అన్వయించదు.

ఎందుకంటే, డేలిలీ విత్తనం తల్లిపోలికా కాదు, తండ్రిపోలికా కాదు. ఒకే కాయలోని పది గింజలు పది రకాలు. నచ్చిన మొక్కను అలాగే నిలుపుకోవాలంటే పిలకలు విడదీసి నాటడమే మార్గం. అందుకే కొత్తగా విడుదలైన రకం ఒక్క ఫ్యాను వంద, రెండు వందల డాలర్లు పలుకుతుంది. విత్తు నాటినవాడికి మూడో జూలైలో ఒక మడి నిండా మునుపెవ్వరూ చూడని పువ్వులు పూస్తాయి. మునుపెవ్వరూ చూడకపోవడం గొప్పతనం కాదు. అందులో చాలావాటిని మళ్లీ ఎవరూ చూడనక్కరలేదు. తల్లి రంగు బురదబారి వచ్చినవి, తండ్రి వెడల్పుతో వచ్చి రేకులు చిరిగినవి, అందంగా ఉండి నాలుగు మొగ్గలతో సరిపెట్టినవి. నూటికి ఒకటి రెండు ఉంచుకుంటే ధారాళంగా ఉంచుకున్నట్టు. మిగతావి ఎరువు గుంటలోకి. తోటవాళ్ల పాండిత్యం పుప్పొడి అద్దడంలో బయటపడదు, అది పదేళ్ల పిల్లాడైనా చేస్తాడు. ఈ మడి దగ్గర బయటపడుతుంది. మూడేళ్లు నీళ్లు పోసి పెంచిన ఎనిమిదంగుళాల పువ్వు కళ్లముందు నవ్వుతూంటే, దాని కాడ వంగుతోందని పలుగు దించగలవాడే సంకరకర్త. దించలేనివాడు ప్రేమికుడు. ప్రేమికుడి పెరడు నాలుగేళ్లలో నిండిపోతుంది, ఆ తర్వాత కూరగాయల మడి పోతుంది, ఆ తర్వాత కారు వీధిలో నిలుస్తుంది.

ఆకుల అడుగున నారింజ పొడి అంటే తుప్పు తెగులు. ఇది అమెరికాలో 2000లో బయటపడింది. పద్యంలో దీని ప్రసక్తి లేదు. లేత మడిలోనే తుప్పుకు లొంగేవాటిని ఏరివేయడం కూడా పై అధ్యాహారంలోకే వస్తుందని గ్రహించాలి.

"నవ్వు విరియు": ఎవరి నవ్వు? కర్త లేని వాక్యం కనుక మూడు పక్షాలు. పువ్వు నవ్వు అని మొదటి పక్షం. పువ్వు నవ్వడం కవిసమయం, తప్పు పట్టడానికి లేదు, మెచ్చుకోవడానికీ లేదు. తోటయజమాని నవ్వు అని రెండో పక్షం. పైన చెప్పిన పలుగు గుర్తుంటే ఈ పక్షం బలహీనమని తెలుస్తుంది. మడి ముందు నిలబడ్డవాడి ముఖం పరీక్ష పేపర్లు దిద్దేవాడి ముఖంలా ఉంటుంది.

మూడోది, చూడవచ్చిన చుట్టాల నవ్వు. జూలై ఆదివారం భోజనాలయ్యాక పెద్దమ్మగారో వదినగారో తోటలోకి వస్తారు. యజమాని పేరు పెట్టదగ్గ ఆ ఒక్క మొక్క దగ్గరికి తీసుకెళ్లి, కొమ్మలు చూడండి, మొగ్గలు లెక్కపెట్టండి, కంఠం దగ్గర ఆ ఆకుపచ్చ చూడండి అంటాడు. ఆవిడ బాగుందంటారు. అంటూనే కళ్లు పక్కకు పోతాయి, ఎరువు గుంట గట్టు మీద వేళ్లతో సహా పడేసిన ఆ ఎనిమిదంగుళాలదాని మీదికి. పీకి రెండు రోజులైనా కాడలోని నీటితోనే ఆ పూటకు కూడా విచ్చుకుంది. "అయ్యయ్యో, ఇంత పెద్దదాన్ని పారేస్తారటండీ, పిచ్చా ఏంటి?" అని నవ్వి, కవరు అడిగి, దాన్ని ఇంటికి తీసుకెళ్తారు. వాళ్లింటి మెయిల్‌బాక్సు పక్కన అది ఏటేటా వంగి పూస్తుంది. మూలంలో "పెద్ద" అన్న మాట పెట్టింది ఆవిడను తలచుకునే అయి ఉండాలి. కనుక మూడో పక్షమే గ్రాహ్యం.